అండాశయము గాదెయా? ఊటబావియా?

విజయనగరమున ఘోషా ఆసుపత్రి పేరు వినని వారుండరు. ఘోషా అనగా పరదా. పరపురుషుల కంటబడని కుటుంబస్త్రీల వైద్యమునకై పూర్వము ఇట్టి పేరుగల ఆసుపత్రులు వెలసినవి. మన ఉర్దూ విద్యార్థులకు సుపరిచితమైన ‘గోషా’ అను మాటయే ఇది. మూల అని దాని అర్థము. కాలక్రమమున పరదా చాలవరకు తొలగినది. కాని సంతానము లేని యింట నేరము మాత్రము నేటికిని స్త్రీపైననే పడుచున్నది. అట్టి దంపతులలో దాదాపు సగముమంది విషయమున పురుషునియందును లోపమున్నదని వైద్యులు చెప్పుచున్నను, ‘గొడ్రాలు’ అను మాటకు పుంలింగము మన వాడుకలో వినబడదు.

ఆడశిశువు తల్లి గర్భమున ఐదవ నెలలో ఉన్నపుడు ఆమె అండాశయములలో డెబ్బది లక్షల వరకు బీజకణములుండును. పుట్టునాటికి అవి పది, ఇరువది లక్షలకు తగ్గును. రజస్వల అగునాటికి సుమారు మూడు లక్షలు మిగులును. వానిలో జీవితకాలమున విడుదల అగునవి నాలుగైదు వందలు మాత్రమే. తక్కినవి లోలోపలనే క్షీణించి నశించును. ముట్లుడుగునాటికి మిగులునవి ఇంచుమించు ఒక వేయి. పురుషునియందట్లు కాదు. వృషణములలోని మూలకణములు తాము విభజన చెందుచు, క్రొత్త శుక్రకణములను ముసలితనము వరకు పుట్టించుచుండును. కనుక పురుషునిది ఊటబావి, స్త్రీది గాదె. నింపిన గాదెలో పిదప గింజ చేరదు. తీసినను తరుగును, తీయకున్నను పురుగు తినును. 1951లో సోలీ జుకర్‌మన్ ఈ సిద్ధాంతమును బలపరచిన పిదప అర్ధశతాబ్ది కాలము పాఠ్యగ్రంథములు దానినే బోధించినవి.

అండమునకు గల విలువ ఎంతటిదో తెలియుటకు మన రాష్ట్రముననే ఒక నిదర్శనమున్నది. 2019 సెప్టెంబరులో తూర్పు గోదావరి జిల్లాకు చెందిన, డెబ్బది యేండ్లు దాటిన ఒక వృద్ధురాలు గుంటూరులో కవల ఆడపిల్లలను కన్నది. గర్భాశయము ఆమెదే; అండము మాత్రము వేరొక యువతి దానము చేసినది. గర్భాశయము మోయగలిగినను గాదె ఎన్నడో వట్టిపోయినదన్నమాట. 2021లో వచ్చిన చట్టము ప్రకారము ఏబది యేండ్లు దాటిన స్త్రీకి ఇట్టి చికిత్స చేయరాదు. ఇది మంచి నిబంధనయే అని మా అభిప్రాయము.

పాత సిద్ధాంతమును 2004లో అమెరికాలో జొనాథన్ టిల్లీ బృందము ప్రశ్నించినది. చిట్టెలుకల అండాశయములలో అండములు నశించు వేగమును లెక్కించి, క్రొత్తవి పుట్టనిచో నిల్వ ఎంతో ముందుగనే తరిగిపోవలెనని వారు వాదించిరి. 2009లో షాంఘై శాస్త్రజ్ఞులు అట్టి మూలకణములను వేరుచేసి, మందులతో వంధ్యలుగా చేసిన చిట్టెలుకలలో నాటి, పిల్లలను పుట్టించినట్లు ప్రకటించిరి. 2012లో టిల్లీ బృందము స్త్రీల అండాశయములలోను అట్టి కణములు కలవనెను. ముంబయిలో దీపా భార్తియా మొదలగువారు మరింత సూక్ష్మమైన మూలకణములను గూర్చి వ్రాసిరి.

నలువది యేండ్లు నిండకుండగనే అండాశయము ఉడిగిపోవు స్త్రీలు నూటికి ఒక్కరైన నుందురు. కాన్సరు మందులతో అండములు నశించిన యువతులు వేరు. గాదెలో ఊట ఉన్నదన్న మాట వీరికెంత ఆశ గొల్పునో చెప్పనక్కరలేదు.

అయితే ఆ ఊటను తక్కినవారు చూడలేకపోయిరి. 2012లోనే స్వీడను శాస్త్రజ్ఞులు చిట్టెలుకలలో వెదకి, లేదనిరి. వివాదమంతయు గాలమును గూర్చినది. ఈ కణములను పట్టుటకు ఒక ప్రొటీనును గుర్తించు ప్రతిదేహమును వాడిరి. ఆ ప్రొటీను కణము లోపల ఉండునదే గాని పైపొరపై నుండదని విమర్శకుల వాదము. 2020లో స్టాక్‌హోము పరిశోధకులు స్త్రీల అండాశయపు వెలిపొరలోని కణములను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ గాలమునకు చిక్కినవి రక్తనాళములను అంటియుండు సామాన్యకణములేయని తేల్చిరి. ఇట్టి కణములనుండి తీసిన శక్తిజనకములను అండమునకు ఎక్కించు పద్ధతిని స్పెయినులో పరీక్షింపగా, 2019లో ఫలము శూన్యమని తెలిసినది. మూలకణమునుండి తయారైన అండముతో మానవశిశువు పుట్టినట్లు ఇంతవరకు ఆధారము లేదు. చిట్టెలుకల ఫలితములను మేము త్రోసిపుచ్చము. కాని అవి చిట్టెలుకలవే.

నేడు చేయదగినవి లేకపోలేదు. కాన్సరు చికిత్సకు ముందు అండములనో, అండాశయపు ముక్కనో అతిశీతలమున భద్రపరచవచ్చును. అట్లు దాచిన ముక్కను తిరిగి అతికించుకొన్న బెల్జియం స్త్రీ 2004లో బిడ్డను కన్నది. అండదానము ఉండనే ఉన్నది.

మూలకణములతో అండాశయమునకు యౌవనము తెత్తుమని చెప్పి ధనమడుగువారి మాట వేరు. ఆమోదము పొందిన పరిశోధనలలో తప్ప ఇట్టి వైద్యము చేయరాదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో స్పష్టముగా నున్నది. మన దేశమున 2009 నుండి ప్రతి చికిత్సాప్రయోగమును ప్రభుత్వ పట్టికలో నమోదు చేయవలెను. ఆ పట్టికను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. పొలమమ్మి పట్టణమునకు పోదలచిన బంధువులెవరైన నున్నచో, మన విద్యార్థినులు ముందుగా ఆ నమోదు సంఖ్యను అడిగి తెలిసికొని, పట్టికలో సరిచూచి చెప్పగలరు.