పరాయి ఊరి పగ, పరిశోధకుల ఓర్పు

మత ఘర్షణలనూ శాంతి ప్రయత్నాలనూ ఆయా దేశాలకు వెళ్ళి అధ్యయనం చేయడం ఇవాళ విశ్వవిద్యాలయాల్లో స్థిరపడిన చదువు. నార్వే పండితుడు యోహాన్ గాల్టుంగ్ 1959లో ఆస్లోలో శాంతి పరిశోధన సంస్థను నెలకొల్పాడు. స్వీడన్‌లోని ఉప్సాల, ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు 1970లలో ఈ విషయానికి ప్రత్యేక శాఖలు తెరిచాయి. 2002 నుంచి రోటరీ శాంతి ఫెలోషిప్పులు అనేక దేశాల విద్యార్థులకు ఈ దారి చూపుతున్నాయి. అయితే ఈ చదువులో పుస్తకాలు సగమే. గొడవ జరిగిన వీధికి వెళ్ళడం, అక్కడ బతికి మిగిలినవాళ్ళ ఎదుట కూర్చుని వినడం మిగతా సగం. చదివేవాళ్ళ స్వభావాన్ని మార్చేది ఆ రెండో సగమే. తీర్పు చెప్పాలనే తొందరను ఆపుకోవడం, ఇచ్చిన మాట ఎంత బరువైనదో తెలుసుకోవడం అక్కడ అలవడతాయి. ఈ రెండూ అలవడకపోతే ఎన్ని దేశాలు తిరిగినా మిగిలేది పర్యటనే.

ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ ఈ చదువుకు పెద్ద బడి. ఫాల్స్ రోడ్డులో కాథలిక్కులు, శాంకిల్ రోడ్డులో ప్రొటెస్టెంట్లు ఉంటారు. రెంటికీ మధ్య నడక దూరమే. 1969 ఆగస్టు అల్లర్లలో ఇళ్ళు తగలబడ్డాక సైన్యం ఈ రెండు పేటల మధ్య తాత్కాలికమంటూ కంచె వేసింది. అది ఇనుప రేకులుగా, ఇటుక గోడగా, కాంక్రీటుగా పెరిగింది. దానికి ‘శాంతి గోడ’ అని పేరు. అలాంటివే నగరంలో ఇంకా ఎన్నో లేచాయి. 2023 నాటికి అన్నిటినీ తీసేస్తామని ప్రభుత్వం 2013లో ప్రకటించింది. గడువు దాటిపోయినా చాలా గోడలు నిలిచే ఉన్నాయి, కొన్నిచోట్ల రాత్రయితే గేట్లు మూస్తారు. బయటినుంచి వెళ్ళినవాళ్ళకు ఆ గోడ అన్యాయంగా కనిపిస్తుంది. దాని నీడలోనే ఇల్లున్న కుటుంబాల్లో కొన్ని మాత్రం, ఇప్పుడప్పుడే దాన్ని కదపొద్దంటాయి. ఈ రెండో మాట విన్నప్పుడు ఖండించకుండా, ‘ఎందుకని?’ అని అడగగలగడం దగ్గరే పరిశోధన మొదలవుతుంది.

అక్కడ అడుగుపెట్టే విద్యార్థులు సాధారణంగా రెండు తొందరపాటు తీర్పుల్లో ఏదో ఒకటి వెంటబెట్టుకుని వెళ్తారు. ఇది రెండు క్రైస్తవ శాఖల మతయుద్ధం అన్నది ఒకటి. మతం వట్టి సాకు, అసలుది రాజకీయం అన్నది మరొకటి. 1968లో కాలెడన్ అనే చిన్న ఊళ్ళో జరిగిన సంగతి చూస్తే మొదటి తీర్పు నిలవదు. అక్కడ పిల్లలున్న కాథలిక్ కుటుంబాలు ఇంటి కోసం ఎదురుచూస్తుండగా, కౌన్సిల్ ఒక ఇంటిని పెళ్ళికాని పంతొమ్మిదేళ్ళ ప్రొటెస్టెంట్ యువతికి కేటాయించింది. దానికి నిరసనగా ఆస్టిన్ కరీ అనే యువ ప్రజాప్రతినిధి ఆ ఇంట్లో బైఠాయించాడు. పౌరహక్కుల ఉద్యమానికి ఊపునిచ్చిన ఘటనల్లో ఇదొకటి. ఆ రోజుల్లో స్థానిక ఎన్నికల ఓటు ఇంటితో ముడిపడి ఉండేది కాబట్టి, ఇల్లు దక్కకపోతే ఓటూ దక్కేది కాదు. కొట్లాట కన్యమరియ గురించో పోపు గురించో కాదు. ఇల్లు, ఉద్యోగం, ఓటు, ఐర్లండ్‌లో కలవాలా బ్రిటన్‌లో ఉండాలా అన్న ప్రశ్న గురించి.

అలాగని రెండో తీర్పూ నిలవదు. చదివే బడి, పెళ్ళి సంబంధం, పాడుకునే పాట, చివరికి పూడ్చిపెట్టే నేల కూడా మతాన్ని బట్టే వేరైన సమాజంలో మతాన్ని సాకు అనడం, ఆ మనుషుల జీవితాన్ని చూడనట్టే. రెండు మతాల పిల్లలూ కలిసి చదివే మొదటి సమీకృత పాఠశాల లగన్ కాలేజీ 1981లో 28 మంది పిల్లలతో మొదలైంది. నాలుగు దశాబ్దాలు దాటినా అలాంటి బడుల్లో చదివేవాళ్ళ సంఖ్య మొత్తం పిల్లల్లో పదో వంతుకు చేరలేదు. తుపాకులు ఆగడం ఒకటి, న్యాయమైన సహజీవనం ఏర్పడటం ఇంకొకటి అని గాల్టుంగ్ చెప్పిన తేడా ఈ ఒక్క లెక్కలో కనిపిస్తుంది.

ముప్పై ఏళ్ళ హింసలో అక్కడ 3,500 మందికి పైగా చనిపోయారు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ, హత్యానేరానికి శిక్ష అనుభవించి వచ్చిన మనిషి ఒకే నగరంలో, ఒక్కోసారి ఒకే వీధిలో కనిపిస్తారు. ఇద్దరి కథా వినాలి. వినడమంటే ఒప్పుకోవడం కాదు. ఈ తేడా మనసుకు పట్టడానికి నెలలు పడుతుంది. ఎదుటి మనిషి చెప్పేది దారుణంగా ఉన్నా ముఖం చిట్లించకుండా, జాలి ఒలకబోయకుండా, తర్వాతి ప్రశ్నను నెమ్మదిగా అడగడం సాధనతోనే వస్తుంది. తన దేశంలోని గొడవను అక్కడి గొడవతో పోల్చి చెప్పాలనే ఉబలాటాన్ని కూడా అణచుకోవాలి. ఐరిష్ జాతీయవాదుల పేటల్లో పాలస్తీనా జెండాలు, బ్రిటన్ పక్షపు పేటల్లో ఇజ్రాయెల్ జెండాలు ఎగరడం కొత్తవాళ్ళను ఆశ్చర్యపరుస్తుంది. దూరదేశపు కొట్లాటలో కూడా మనిషి ముందు తన పక్షాన్నే వెతుక్కుంటాడు. పరిశోధనకు వెళ్ళినవాళ్ళకూ ఈ బలహీనత ఉంటుంది. భారతదేశం నుంచి వెళ్ళినవాళ్ళకు ఒక సౌలభ్యం లేకపోలేదు. ఇరుపక్షాలకూ చెందనివాళ్ళు కాబట్టి, స్థానికులు తమలో తాము ఎన్నడూ చెప్పుకోని ప్రాథమిక విషయాలను కూడా వాళ్ళకు విడమరిచి చెబుతారు.

శాంతి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ఫాల్స్ రోడ్డు పక్కనున్న క్లోనార్డ్ మఠం దాకా వెళ్ళాలి. అక్కడి కాథలిక్ ఫాదర్ అలెక్ రీడ్ ఏళ్ళ తరబడి గుట్టుగా మధ్యవర్తిత్వం నడిపారు. 1988 మార్చిలో ఒక శవయాత్రలోకి కారుతో వచ్చిన ఇద్దరు బ్రిటిష్ సైనికులను గుంపు కొట్టింది, సాయుధ సంస్థ ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐఆర్ఏ) కాల్చి చంపింది. వాళ్ళ పక్కన మోకరిల్లి ప్రాణం నిలపడానికి ప్రయత్నించి, చివరి ప్రార్థన చేసింది ఆయనే. ఆ ఫొటో లోకమంతా చూసింది. అదే రోజు ఆయన దగ్గర ఐఆర్ఏ రాజకీయ పక్షమైన సిన్ ఫేన్ పార్టీ నుంచి మితవాద జాతీయవాద నాయకుడు జాన్ హ్యూమ్‌కు చేరవలసిన చర్చల పత్రం ఉందన్న సంగతి మాత్రం చాలాకాలం బయటికి రాలేదు. గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరింది 1998 ఏప్రిల్ 10న, అంటే మరో పదేళ్ళకు. మే నెల రెఫరెండంలో ఉత్తర ఐర్లండ్ ఓటర్లలో 71 శాతం దాన్ని ఆమోదించారు. 2005లో ఐఆర్ఏ ఆయుధాలను పనికిరాకుండా చేసినప్పుడు సాక్షులుగా నిలిచిన ఇద్దరిలో ఒకరు ఫాదర్ రీడ్, రెండోవారు మెథడిస్ట్ పాస్టర్ హెరాల్డ్ గుడ్. ఒక సెమిస్టర్‌లో ఫలితం చూపాలనుకునే వయసులో ఉన్నవాళ్ళకు ఈ చరిత్ర అవసరం. ఎవరూ చప్పట్లు కొట్టని చోట, పేరు రాని పనిని పదేళ్ళపాటు చేయగలిగిన మనుషుల వల్లే ఆ ఒప్పందం సాధ్యమైంది.

మాట నిలుపుకోవడం గురించిన పాఠం కూడా ఈ నగరంలోనే ఉంది. 2001 నుంచి 2006 వరకు అమెరికాలోని బోస్టన్ కాలేజీ తరఫున, హింసలో పాల్గొన్న మాజీ సాయుధుల జ్ఞాపకాలను రికార్డు చేశారు. వాళ్ళు చనిపోయేదాకా టేపులు బయటపెట్టబోమన్నది హామీ. అమెరికా చట్టం అనుమతించినంత మేరకే అన్న షరతు, మాట్లాడినవాళ్ళకు ఇచ్చిన పత్రంలో లేదు. పదిమంది పిల్లల తల్లి జీన్ మెకాన్‌విల్‌ను 1972లో ఐఆర్ఏ ఎత్తుకుపోయి చంపింది. ఆ కేసు దర్యాప్తు కోసం టేపులు కావాలని 2011లో బ్రిటిష్ అధికారులు అమెరికా కోర్టుల ద్వారా అడిగారు. సుదీర్ఘ వ్యాజ్యం తర్వాత కొన్ని టేపులు 2013లో పోలీసులకు చేరాయి. మరుసటి ఏడాది అరెస్టులు జరిగాయి. ఎవరి రికార్డింగులు వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చని కాలేజీ ప్రకటించింది. 2019లో బెల్‌ఫాస్ట్ కోర్టు ఆ టేపులు సాక్ష్యంగా చెల్లవని తేల్చింది.

ఇందులో తప్పొప్పులు తేలికగా తేలవు. నమ్మి నోరు విప్పినవాళ్ళకు ఇచ్చిన మాట ఒకవైపు, తల్లికి ఏం జరిగిందో తెలుసుకునే పిల్లల హక్కు ఇంకొకవైపు. ఈ రెంటి మధ్యా నిలబడి ఆలోచించినవాళ్ళు ఆ తర్వాత ఎవరికీ తేలికగా ‘మీ పేరు బయటికి రాదు’ అనలేరు. తమ చేతిలో ఎంతుందో అంతే చెబుతారు. కోర్టు అడిగితే ఇవ్వాల్సి రావచ్చనీ, ఫోను పోతే రికార్డింగు ఇంకొకరి చేతిలో పడవచ్చనీ ముందే చెబుతారు. కొందరు అది విని లేచి వెళ్ళిపోతారు. ఆ ఇంటర్వ్యూ పోయినా ఫరవాలేదు. సమ్మతి పత్రం మీద సంతకం ఎథిక్స్ కమిటీ ఫైలు కోసమనుకునే విద్యార్థి మంచి థీసిస్ రాయవచ్చేమో గానీ, నమ్మదగిన మనిషి కావడం కష్టం.

బోస్నియాలో కష్టం వేరే రకం. 1992–95 యుద్ధంలో దాదాపు లక్షమంది చనిపోయారు. 1993లో ఫిరంగులకు కూలిన మోస్టార్ పాత వంతెనను 2004లో తిరిగి కట్టారు. అదే పట్టణంలోని జిమ్నాజియా బడిలో బోస్నియాక్ (ముస్లిం), క్రొయేట్ (కాథలిక్) పిల్లలు ఒకే కప్పు కింద వేర్వేరు పాఠ్యప్రణాళికలు చదువుతారు. 2006 నుంచి ఆ భవనంలోనే నడుస్తున్న యునైటెడ్ వరల్డ్ కాలేజీలో మాత్రం అన్ని వర్గాల పిల్లలూ, విదేశీ విద్యార్థులూ కలిసి చదువుతున్నారు. ఇక్కడ పనిచేయాలంటే దుబాసీ కావాలి. దుబాసీ పేరు వినగానే అతనిది ఏ వర్గమో ఎదుటివాళ్ళకు తెలిసిపోతుంది, మాట తీరు మారుతుంది. కనీసం పలకరింపు మేరకైనా స్థానిక భాష నేర్చుకుని వెళ్ళడం అందుకే మర్యాద మాత్రమే కాదు, పరిశోధనకు ప్రాణం. స్రెబ్రెనిట్సాలో 1995 జూలైలో ఎనిమిది వేలమందికి పైగా పురుషులను, మగపిల్లలను చంపారు. కొత్తగా గుర్తించిన అవశేషాలను ఏటా జూలై 11న పొటోచారి శ్మశానంలో ఖననం చేస్తారు. అక్కడ తల్లుల మాటలు విన్నవాళ్ళకు కొన్నాళ్ళు నిద్ర పట్టకపోవచ్చు. దాన్ని బలహీనత అనుకోకూడదు. రోజూ డైరీ రాసుకోవడం, పరిశోధన గైడ్‌తోనో స్నేహితులతోనో వారానికొకసారైనా మనసు విప్పి మాట్లాడటం, అవసరమైతే పని ఆపి విశ్రాంతి తీసుకోవడం ఈ వృత్తిలో భాగమే.

నైజీరియాలోని కదునాలో మొహమ్మద్ అషఫా అనే ఇమామ్, జేమ్స్ వుయే అనే పాస్టర్ ఒకప్పుడు ప్రత్యర్థి ముఠాల మనుషులు. ఆ గొడవల్లో అషఫా తన గురువునూ బంధువులనూ పోగొట్టుకున్నారు, వుయే కుడిచేయి పోయింది. ఇద్దరూ కలిసి 1995లో సర్వమత మధ్యవర్తిత్వ కేంద్రాన్ని స్థాపించారు. వాళ్ళ విశ్వాసం తగ్గలేదు. ఎవరి మతంలో వాళ్ళు గట్టిగానే ఉన్నారు. శాంతికి మతాన్ని పలచన చేసుకోవాలనుకునేవాళ్ళు ఈ జంటను శ్రద్ధగా చూడాలి.

బయటి దేశాల్లో ఇంత చూశాక సొంత ఊరు ప్రశ్నగా ఎదురొస్తుంది. 1950 నుంచి 1995 వరకు భారతదేశపు నగరాలను పరిశీలించిన రాజకీయ శాస్త్రవేత్త అశుతోష్ వర్ష్నే, అల్లర్లు తరచూ జరిగిన హైదరాబాద్‌ను ప్రశాంతంగా ఉన్న లక్నోతో జతచేసి చూశారు. వ్యాపార సంఘాలు, కార్మిక సంఘాలు, పార్టీలలో హిందువులూ ముస్లింలూ కలిసి ఉన్నచోట పుకారు అల్లరిగా మారడం తక్కువని, ఇరుగుపొరుగు పలకరింపులు మాత్రమే పెద్ద నగరాల్లో ఆ పని చేయలేవని ఆయన తేల్చారు. లక్నోలో చికన్ కుట్టుపని హిందూ వర్తకులనూ ముస్లిం పనివాళ్ళనూ ఒకే జీవనోపాధితో కట్టిపడేసింది. హైదరాబాద్ పాతబస్తీలో పుట్టి పెరిగిన విద్యార్థికి బెల్‌ఫాస్ట్‌లో అలవాటైన ఓపిక ఇక్కడ నిలుస్తుందా అన్నది గట్టి పరీక్ష. పరాయి గొడవలో ఇరుపక్షాల మాటా వినడం నేర్చినవాళ్ళు, తమ ఇంట్లో మామయ్య చెప్పే మాటనూ అవతలి బస్తీ దర్జీ చెప్పే మాటనూ అదే శ్రద్ధతో రాసుకోవాలి.

చివరి దశ రాత. మాట్లాడినవాళ్ళ పేర్లతోపాటు గుర్తుపట్టించే వీధి, ఉద్యోగం, కుటుంబ వివరాలను కూడా మార్చాలి. వాళ్ళు చెప్పినదానికీ పరిశోధకుల వ్యాఖ్యానానికీ మధ్య గీత స్పష్టంగా ఉండాలి. రాసినదాన్ని, వీలైనంతవరకు వాళ్ళ భాషలోనే, అచ్చుకు ముందు వాళ్ళకు చూపించాలి. ‘నేనిలా అనలేదు’ అంటే రికార్డింగును మళ్ళీ వినాలి. ‘అన్నాను గానీ తీసెయ్యండి’ అంటే, అధ్యాయం బలం తగ్గినా ఆ వాక్యాన్ని తీసెయ్యాలి.