మోటారు ఇంజనులో గాలి యొత్తిడి – అంకెలను చదువు విధము

గాలికి బరువు కలదనియు, 1643లో టారిసెల్లి పాదరసపు గొట్టముతో దాని యొత్తిడిని చూపెననియు విద్యార్థులెల్లరు చదివియుందురు. ఆ పాఠము నేటి మోటారుబండిలో నెట్లు పనిచేయుచున్నదో యిచ్చట వివరింపదలచితిమి.

1937లో స్థాపింపబడి 2015లో మూతపడిన బోధను నిజాం చక్కెర కర్మాగారమును మన ప్రాంతమున నెరుగనివారు లేరు. చక్కెర మిల్లులలో చెఱకు పాకమును మూసిన పాత్రలలో నుంచి, గాలిని లాగివేసి కాచుదురు. ఒత్తిడి తగ్గుటచే పాకము తక్కువ వేడికే మరగును; చక్కెర మాడదు. పాత్ర కమర్చిన ముల్లును చూచియే పనివాడు లోపలి స్థితిని గ్రహించును.

పెట్రోలు ఇంజనులోను నిట్టిదే జరుగును. పిస్టనులు గాలిని పీల్చుచుండగా, థ్రాటిలను తలుపు ముక్కాలు మువ్వీసము మూసియున్నచో, దానికావలి మానిఫోల్డు గొట్టములో గాలి పలుచబడును. సెన్సారులోని సన్నని సిలికాను పొర ఆ యొత్తిడిని బట్టి వంగును. ఆ వంపు విద్యుత్సంకేతమై బండిలోని కంప్యూటరునకు చేరును. ఎంత పెట్రోలు పోయవలెనో అది నిర్ణయించును.

ఇక అంకెల సంగతి. సముద్రతీరమున గాలి యొత్తిడి సుమారు 101 కిలోపాస్కలులు. నిజామాబాదు దాదాపు 400 మీటర్ల యెత్తున నున్నది గాన ఇచ్చట 97కు దగ్గఱగా నుండును. ఇంజను నడపక తాళము మాత్రము త్రిప్పినచో సెన్సారు ఈ యంకెనే చెప్పవలెను. టర్బో లేని బండి నిలిచియుండి ఇంజను మెల్లగా తిరుగునప్పుడు సాధారణముగా 30 మొదలు 40 వఱకు నుండును. యాక్సిలరేటరును పూర్తిగా నొక్కినచో మరల 97 దాపునకు చేరును.

మే మెరిగిన యొక అద్దెబండి డ్రైవరు బోధను బాటలో నల్లని పొగతో నానా తిప్పలు పడెను. ఇంజను మెల్లగా తిరుగునప్పుడే అంకె 70 చూపుచుండెను. సెన్సారు చెడినదని యొక మెకానికు చెప్పగా, పలుదినముల సంపాదన వెచ్చించి క్రొత్తది వేయించెను. పొగ మానలేదు. పిమ్మట మేము ఇంజను నాపి చూడగా అంకె సరిగా 97 ఉండెను. అట్లైన సెన్సారును మొదటనే తప్పు పట్టుటకు వీలులేదు. మానిఫోల్డు నుండి సెన్సారునకు పోవు రబ్బరు గొట్టమును తడిమితిమి. వంపు దగ్గఱ పగులు కనబడెను. బయటి గాలి చొచ్చి యొత్తిడిని హెచ్చుగా చూపుచుండెను. కంప్యూటరు దానిని నమ్మి పెట్రోలు నధికముగా పోయుచుండెను. గొట్టము మార్చిన వెంటనే అంకె 35కు దిగెను, పొగయు నణగెను. క్రొత్త సెన్సారు వెల మాత్రము తిరిగి రాలేదు.

కావున విద్యార్థులారా! అంకె వింతగా నున్నచో, దానిని చెప్పిన సాధనమును మొదటనే దండింపకుడు. ఇంజను నిలిపి యొకసారి, నడపి యొకసారి చూడుడు, గొట్టములను తడుముడు. సరకు కొనుట ఆ పిమ్మటి పని. ఈ యోపిక బీదవాని కష్టార్జితమును కాపాడును.