సైటేషన్ల లెక్క గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. థీసిస్ పూర్తయింది, 3 పేపర్లు అచ్చయ్యాయి, వాటికి ఇప్పటిదాకా 11 సైటేషన్లు. నీతోపాటే చేరి మాలిక్యులర్ బయాలజీ చేసిన హాస్టల్ స్నేహితురాలికి 400 దాటాయి. గణితం తీసుకుని తప్పు చేశానా మామయ్యా అని అడిగావు. అసిస్టెంట్ ప్రొఫెసర్ దరఖాస్తు నింపుతుంటే గూగుల్ స్కాలర్ పేజీ తెరవడానికే భయమేస్తోందన్నావు. ఎంపిక కమిటీల్లో చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ని కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూడు. గణితం పేపరు చివర రిఫరెన్సులు సాధారణంగా తక్కువ, జీవశాస్త్రం పేపరు చివర చాలా ఎక్కువ. ఇక్కడి ప్రతి రిఫరెన్సూ ఇంకెవరి ఖాతాలోనో సైటేషన్‌గా పడుతుంది. ఇచ్చే చేతులు ఎక్కువున్న శాఖలో అందుకునేదీ ఎక్కువే. పైగా మీ పేపర్లు రిఫరీల దగ్గరే నెలల తరబడి నలుగుతాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టరేమో ఒక జర్నల్లో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లకి ఈ ఏడు సగటున ఎన్ని సైటేషన్లు పడ్డాయనే చూస్తుంది. గణితంలో ఒక ఫలితాన్ని నలుగురూ చదివి, నమ్మి, దానిమీద ఇంకొకటి కట్టేసరికి ఆ రెండేళ్లూ దాటిపోతాయి. మిరపనీ కొబ్బరినీ నాటిన ఏడాదే కాపు చూసి పోల్చే రైతు ఎవరూ ఉండరు కదా!

కణభౌతికశాస్త్రం సంగతి ఇంకా వేరు. 2015లో సెర్న్ ప్రయోగశాలలోని రెండు ప్రయోగ బృందాలు కలిసి హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వేసిన పేపరుకి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లకీ సంస్థలకే పోయాయి. ఆ పేపరు సైటేషన్లన్నీ అంతమంది ఖాతాల్లోనూ జమవుతాయి. ఒంటరిగా కూర్చుని ఒక అసమానతని నిరూపించిన నీ ఖాతాని దాని పక్కన ఎలా పెడతావు?

నిన్ను కలవరపెడుతున్న హెచ్-ఇండెక్స్‌ని 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ కూడా భౌతికశాస్త్రవేత్తే. కనీసం 10 సైటేషన్ల చొప్పున 10 పేపర్లుంటే ఇండెక్స్ 10, అంతే. జీవశాస్త్రవేత్తల అంకెలు భౌతికశాస్త్రంవాళ్లకన్నా పెద్దగా ఉంటాయని ఆయన ఆ మొదటి పేపర్లోనే రాశాడు. ఆ హెచ్చరికని వదిలేసి అంకెను మాత్రం అందరూ పట్టుకున్నారు. తన కొలత వల్ల కీడు కూడా జరుగుతోందని 2020లో ఆయనే బాధపడుతూ ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది.

ఇప్పుడు మన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి సంగతి చెబుతాను. నువ్వు పనిచేసే రంగమే కాబట్టి ఇది నీకు బాగా పట్టాలి. ఆయన కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు ఇంట పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అక్కడి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఒకరోజు పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి లేచి, అంచనాల కచ్చితత్వానికి పెద్ద శాంపిళ్ల విషయంలో గణాంకశాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన హద్దు చిన్న శాంపిళ్లకీ ఉంటుందా అని అడిగాడు. రావుగారు ఇంటికెళ్లి ఆ ప్రశ్న మీదే కూర్చుని, ఉంటుందని నిరూపించి తెచ్చారు. 1945లో కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయిన ఆ చిన్న పేపరు రాసేనాటికి ఆయనకి సుమారు పాతికేళ్లు. అందులో మూడు విషయాలున్నాయి. ఒకటి క్రామెర్-రావు హద్దు. రెండోది రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం. మూడోది సంభావ్యతా పంపిణీల మధ్య దూరాన్ని రేఖాగణితంతో కొలవడం. ఆ మూడోదాని మీద ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే శాఖ నిలదొక్కుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ హద్దు ఈరోజు ఎక్కడెక్కడ ఉందో చూడు. రాడార్ ఒక వస్తువు స్థానాన్ని ఎంత కచ్చితంగా చెప్పగలదో లెక్కగట్టేవాళ్లకి అది కావాలి. మెడికల్ ఇమేజింగ్ వాళ్లకి కావాలి. క్వాంటమ్ కొలతల వాళ్లు దాని క్వాంటమ్ రూపాన్ని వాడతారు. ఇంతమంది వాడుతున్నా చాలామంది 1945 నాటి పేపరుని రిఫరెన్సుల్లో పెట్టరు. వాక్యంలో రావు పేరు రాసి ముందుకు సాగిపోతారు, లేదా ఏదో పాఠ్యపుస్తకాన్ని ఉదహరిస్తారు. పని అందరిదీ అయిపోయాక మూలం ఉదహరింపుల్లోంచి జారిపోతుందని సామాజికశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఏనాడో గుర్తించాడు. రావుగారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది 2023లో, 102వ ఏట. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. ఆ పేపరుని మొదటి రెండేళ్ల సైటేషన్లతో తూచి ఉంటే ఏం తేలేది?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి రికార్డు ఇంకో రకం. 1925లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన భాస్వరం కొలిచే పద్ధతి జీవరసాయనశాస్త్రంలో అత్యధికంగా ఉదహరించిన పేపర్లలో ఒకటి. ప్రయోగశాలలో రోజూ పనికొచ్చే పద్ధతులకి అలాగే పడతాయి సైటేషన్లు. కానీ లెడర్లీ మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందుని లుకేమియా పిల్లలకిచ్చి డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో వేసిన పేపరు రచయితల్లో సుబ్బారావుగారి పేరు లేదు. కాన్సర్‌కి మందులతో వైద్యం మొదలైన దారిలో అదొక మైలురాయి. ఆయన సైటేషన్ల పట్టిక మాత్రమే చూసినవాడికి ఆ సగం జీవితం కనిపించదు.

అమ్మా, ఇక నువ్వు చేయాల్సిన పని. అంకె పెంచుకోవడానికి ఒక్క ఫలితాన్ని మూడు ముక్కలు చేసి మూడు పేపర్లుగా వేయకు. నన్ను నువ్వు ఉదహరించు, నిన్ను నేను ఉదహరిస్తానని వచ్చేవాళ్లతో చేరకు. డబ్బు కట్టించుకుని, రిఫరీలకి పంపకుండానే వారంలో అచ్చువేసే జర్నళ్ల మెయిళ్లకి జవాబివ్వకు. అలాంటి పేపరు ఒక్కటి జాబితాలో కనపడినా చదవడం తెలిసిన సభ్యుడు మిగతావాటినీ అనుమానిస్తాడు. నేనూ అలాగే చూశాను, ఇకముందు కూర్చునేవాళ్లూ చూస్తారు.

దరఖాస్తులో సైటేషన్ల సంఖ్య అడిగినచోట 11 అనే రాయి, దాచకు. దానితోపాటు పరిశోధన వివరణలో నీ మూడు పేపర్ల గురించి సొంత మాటల్లో చెప్పు. ఏ ప్రశ్న ఎన్నాళ్లుగా నిలిచిపోయింది, నువ్వు ఎంతవరకు తేల్చావు, ఇంకా ఏం మిగిలింది? మూడో పేపర్లోని అసమానతని వాడుకుంటున్నామని స్కానింగ్ మీద పనిచేసే బృందం ఒకటి మెయిల్ చేసిందని సంక్రాంతికి చెప్పావే, దాన్ని తప్పకుండా రాయి. నువ్వు దాన్ని మర్యాదకి రాసిన మాటగా తీసేశావు. నా దృష్టిలో నీ రికార్డులో అన్నిటికన్నా బలమైన వాక్యం అదే. కమిటీలో గణితంవాళ్లు కాక వేరే శాఖవాళ్లుంటే, మీ శాఖలో కొత్తగా పీహెచ్‌డీ అయినవాళ్ల సైటేషన్లు మామూలుగా ఏపాటి ఉంటాయో ఒక్క వాక్యంలో చెప్పు. అది గొప్ప చెప్పుకోవడం కాదు, వాళ్లకి అవసరమైన సమాచారం. ఇదంతా రెండు పేజీలు మించనివ్వకు.

నీ స్నేహితురాలి 400 చూసి సంతోషించు, ఆ అమ్మాయీ కష్టపడే సంపాదించింది. కానీ గూగుల్ స్కాలర్ అంకెలతో నిన్ను నువ్వు పోల్చుకునే అలవాటు మాత్రం ఈరోజే మానుకో. ఆ రెండు పేజీల చిత్తుప్రతి గడువుకి వారం ముందే నాకు పంపు, ఇద్దరం కూర్చుని దిద్దుదాం.

ఆశీస్సులతో,
పెద్దమామయ్య