కుళాయి ఎవరిదో ముందు తేల్చండి

గ్రీన్ హాస్టల్ పని చేతికి రాగానే కుర్ర ఇంజినీర్లు కేటలాగ్ తెరిచి, అన్నిటికంటే తక్కువ నీళ్లు వదిలే కుళాయి కోసం వెతుకుతారు. ఇన్నేళ్ల ప్లంబింగ్ పనిలో నాకు తెలిసి, అంతకంటే ముందు తేల్చాల్సినవి ఉన్నాయి.

1. బాత్‌రూమ్ ఎవరు వాడతారో చూడండి. హైదరాబాద్ సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ భవనం 2003లో ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్నప్పటి నుంచి, గ్రీన్ భవనాలకు రేటింగ్ ఇచ్చే లీడ్ పద్ధతి మనవాళ్లకు పరిచయమే. ఆ పద్ధతిలో వాష్‌బేసిన్ కుళాయిలు రెండు తరగతులు: సొంత వాడకానివి, అందరి వాడకానివి. వరండా చివర ఇరవై మంది పంచుకునే బాత్‌రూమ్ చూడగానే అందరిదీ అనిపిస్తుంది. అలా రాయకండి. రాత్రి ఆ భవనంలోనే పడుకునేవాళ్లు వాడేదంతా సొంతం కిందికే వస్తుంది. కింద ఆఫీసు పక్కన, వచ్చిపోయేవాళ్ల కోసం కట్టింది అందరిది. ఎటూ తేలకపోతే అందరి కిందే రాయాలి.

2. ఈ తేడా చిన్నది కాదు. ఆదా లెక్కకు లీడ్ తీసుకునే ప్రామాణికం సొంత కుళాయికి నిమిషానికి 8.3 లీటర్లు, అందరి కుళాయికి 1.9. నీటి పొదుపుకు ఇచ్చే వాటర్‌సెన్స్ గుర్తున్న 5.7 లీటర్ల కుళాయి పెట్టారనుకోండి. సొంతమైతే 31 శాతం ఆదా. అందరిదైతే అదే కుళాయి ప్రామాణికానికి మూడు రెట్లు ఖర్చు చేస్తున్నట్టు. అందుకే లీడ్ ఫారంలో అనుకూలమైన గడిలో వేయమని మీ మీద ఒత్తిడి వస్తుంది. లొంగకండి. ఆ కాగితం మీద ఉండేది మీ సంతకం.

3. కమోడ్‌కి ఈ పేచీ లేదు. ఎక్కడున్నా ప్రామాణికం ఒక్కో ఫ్లష్‌కి 6 లీటర్లే.

4. షవర్ మీద శ్రద్ధ పెట్టండి. నిమిషానికి 9.5 లీటర్లది తీసి 7.6ది పెడితే, లీడ్ లెక్కలోని 8 నిమిషాల స్నానానికి 15 లీటర్లు మిగులుతాయి. 300 మంది ఉన్న హాస్టల్లో రోజూ దాదాపు ఒక చిన్న ట్యాంకరు నీళ్లు!

5. అయితే మన పిల్లలు చాలామంది బకెట్ స్నానమే చేస్తారు. 20 లీటర్ల బకెట్ ఏ కుళాయి కింద పెట్టినా 20 లీటర్లే పడుతుంది. అక్కడ ధార తగ్గించే ఏరేటర్ బిగిస్తే ఆదా అయ్యేదేమీ లేదు, నిండటం ఆలస్యమవుతుందంతే. పరీక్ష రోజు పొద్దున్నే వరుసలో నిలబడ్డ పిల్లలు దాన్ని విప్పి పడేస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు. చేతులు కడిగే కుళాయి వేరు, నింపుకునే కుళాయి వేరు. జాబితాలో రెండూ విడివిడిగా రాయండి.

6. షవర్ మీద రాసిన అంకె 80 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర కొలిచింది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి పది మీటర్లు కిందికి దిగితే వచ్చేది 14 మాత్రమే. పై అంతస్తులో అదీ ఉండదు. ఆర్డర్ పెట్టేముందు పై అంతస్తులో ఒకటి బిగించి, కింద బకెట్ పెట్టి, గడియారం చూస్తూ మీరే కొలవండి.