పోటీ పరీక్షల ప్రత్యేకం: పుత్తూరు కట్టు నుంచి బర్డ్ దాకా

శ్రీకాళహస్తి వైపు ఎముక విరిగితే ఇంట్లో రెండు పేర్లు వినిపిస్తాయి: పుత్తూరు, బర్డ్. జనరల్ స్టడీస్ అభ్యర్థికి రెండూ అవసరమే.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుత్తూరు సంప్రదాయ కట్టుకు పేరుపొందింది. విరిగినచోట చేత్తో సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలతో గుడ్డ చుట్టి బిగిస్తారు. ఎముకను కదలనివ్వకపోవడమే ఇందులో కిటుకు. ఆసుపత్రి పిండికట్టు సూత్రమూ అదే. ఆ పిండి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అంటే కాల్షియం సల్ఫేట్ హెమీహైడ్రేట్. నీళ్లు తగిలితే వేడి పుట్టి, జిప్సంగా గట్టిపడుతుంది. ఈ ప్రశ్న రసాయనశాస్త్రంలోనూ తగులుతుంది, వదలొద్దు. అయితే ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే కట్టుతో సరిపెట్టకూడదు, శస్త్రచికిత్స తప్పదు.

తిరుపతిలోని బర్డ్ ఆసుపత్రి టీటీడీది. పూర్తి పేరు బాలాజీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సర్జరీ, రీసెర్చ్ అండ్ రిహాబిలిటేషన్ ఫర్ ది డిసేబుల్డ్. 1985లో మొదలైంది. పోలియోతో కాళ్లు వంగిపోయినవారికి ఆపరేషన్లు చేసి నడిపించడం దీని తొలినాళ్ల ఖ్యాతి. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో, హౌరాలో నమోదైంది. పోలియోరహిత ధ్రువీకరణ 2014 మార్చి 27న వచ్చింది.

ఆర్థోపెడిక్స్ పదకర్త నికోలస్ ఆండ్రీ (1741). ఎక్స్‌రే కనుగొన్నది రాంట్‌జెన్ (1895). ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడు జాన్ చార్న్‌లీ. పెద్దల్లో ఎముకలు 206. మన దేశంలో ఎముకలు, కీళ్ల దినం ఆగస్టు 4.