జాతి కుక్క ధరలో రెండు భాగాలు: ప్రాణి ఒకటి, కాగితం ఒకటి

కీసర: మిర్చి, పసుపు, బెల్లం ధరల వలె జాతి కుక్కల ధరలు ఏ యార్డులోనూ పలకవు. వీటికి వేలంపాట లేదు, తూకం లేదు, ఉదయం వెలువడే రేట్ల పట్టిక లేదు. అయినా ఇదీ సరకే. దీనికీ గిరాకీ, సరఫరా, రకం, దలాలీ, బయానా ఉన్నాయి. ధర పలికే ప్రతి సరకుకూ ఉన్నట్లే దొంగల బెడదా ఉన్నది.

ఉప్పల్, నాచారం వాడల్లోని గోడౌన్లకు, కీసర, ఘట్‌కేసర్ దారుల్లోని తోటలకు, కొత్త కాలనీల్లోని విడి ఇళ్లకు కాపలా కుక్క కావాలి. మేడల్లో ఉండేవారికి ముచ్చటకు చిన్న కుక్క కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు కీసర మీదుగానే పోతున్నది కనుక, రాత్రి గేటు దాటించిన ప్రాణిని తెల్లవారేలోగా మరో జిల్లాకు చేర్చడం కష్టమేమీ కాదు. ఇటువంటి చోట జాతి కుక్కను కొనేవారు, అమ్మేవారు, మధ్యవర్తిత్వం నెరపేవారు ఆ ధర ఎలా ఏర్పడుతున్నదో, దొంగసరకు ఆ ధరలో ఎక్కడ దూరుతున్నదో తెలుసుకోవడం అవసరం.

నాలుగు నెలల పంట

ముందు సరఫరా సంగతి. ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. జత కట్టిన తరువాత సుమారు 63 రోజులకు ఈనుతుంది. జంతు హింస నివారణ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రకటించిన కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. రెండూ కలిపితే 119 రోజులు. అంటే నేడు గిరాకీ పెరిగితే సరకు నాలుగు నెలలకు గాని బయటికి రాదు. పైగా 18 నెలలు నిండని ఆడకుక్కను ఈతకు వాడరాదని, ఏడాదికి ఒక ఈతకు, జీవితంలో ఐదు ఈతలకు మించరాదని ఆ నిబంధనలే చెబుతున్నాయి.

కనుక గిరాకీ హఠాత్తుగా లేస్తే ధర పైముఖం పడుతుంది. ఆ ధర చూసి పెంపకందారులందరూ ఒకేసారి ఈతలకు పూనుకుంటారు. కొన్ని నెలలకు సరకు ముంచెత్తుతుంది, ధర మందగిస్తుంది. ఉల్లి రైతుకు బాగా తెలిసిన చక్రమే ఇది. అయితే అమ్ముడుపోని ఉల్లి కుళ్లుతుంది. అమ్ముడుపోని కుక్క తింటూనే ఉంటుంది. పిల్లకు రెండు మూడు నెలల వయసులో పలికిన ధర ఆ తరువాత నెలనెలా తగ్గుతుంది. ప్రదర్శనలకు, ఈతకు పనికివచ్చేవి మాత్రమే ఇందుకు మినహాయింపు.

రకాన్ని బట్టి ఉత్పత్తి ఖర్చు కూడా మారుతుంది. లాబ్రడార్ ఒక్క ఈతలో ఆరు నుంచి ఎనిమిది పిల్లలను ఇవ్వగలదు. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కు పిల్లలు తక్కువ, పైగా చాలా సందర్భాల్లో శస్త్రచికిత్స చేసి పిల్లలను తీయవలసి వస్తుంది. ఆ ఖర్చంతా కొద్దిపాటి పిల్లల మీదనే పడుతుంది. చలిదేశపు హస్కీకి హైదరాబాద్ ఎండల్లో చల్లని గది కావాలి. ఇది కొన్ననాటితో ఆగని ఖర్చు కనుక వేసవిలో ఇటువంటి రకాలను వదిలించుకోజూసేవారు ఉంటారు.

మోజు, ఉత్తర్వులు

గిరాకీని నడిపించేది ఎక్కువగా మోజు. 1994లో వచ్చిన హిందీ చిత్రం, తెలుగులో ‘ప్రేమాలయం’గా చూసినది, అందులోని తెల్లని బొచ్చు కుక్కను ఇంటింటికీ పరిచయం చేసింది. 2003లో హచ్ టెలిఫోన్ కంపెనీ ప్రకటనల్లో పిల్లవాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా గిరాకీ తెచ్చుకున్నది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ముధోల్, రాజపాళయం వంటి దేశవాళీ జాతులను పేర్కొన్న తరువాత వాటికీ ఆరాలు పెరిగాయి. మన కర్నూలు జిల్లా పందికోన కుక్క ఎండకు, గరుకు తిండికి తట్టుకునేదే అయినా, అటువంటి ప్రచారం దక్కనందున ధరలో వెనుకబడే ఉన్నది.

మోజు కట్టిన ధర ఎంత త్వరగా కూలుతుందో చైనాలో చూడవచ్చు. అక్కడ 2014లో ఒక టిబెటన్ మాస్టిఫ్ కోటి 20 లక్షల యువాన్లు పలికినట్లు వార్తలు వచ్చాయి. మరుసటి ఏడాదికే ఆ జాతిని అడిగేవారు లేక పెంపక కేంద్రాలు మూతపడ్డాయి. 2025లో బెంగళూరులో ఒక పెంపకందారు 50 కోట్ల రూపాయలతో తోడేలు సంకర కుక్కను కొన్నట్లు ప్రచారమైంది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ సోదాలు జరిపిన పిమ్మట ఆ కొనుగోలుకు ఆధారాలు దొరకలేదని పత్రికలు రాశాయి. నోట పలికిన ధర వేరు, చేతులు మారిన సొమ్ము వేరు. ఇది ఏ బజారుకైనా వర్తించే మాటే.

ప్రభుత్వ ఉత్తర్వుల ప్రభావమూ తక్కువ కాదు. 2016 ఏప్రిల్‌లో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ వ్యాపారానికి, ఈతకు కుక్కలను దిగుమతి చేసుకోవడంపై ఆంక్ష విధించింది. దిగుమతి బిగిస్తే దేశంలో ఉన్న మంచి వంశపు కుక్కలకు విలువ పెరగడం సహజం. 2024 మార్చి 12న పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతులను కట్టడి చేయవలసిందిగా కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. ఇటువంటి కబురు ఒక్కటి వస్తే చాలు, భయపడి వదిలించుకునేవారు ఒకవైపు, ముందుముందు దొరకవని పోగుచేసేవారు మరోవైపు చేరి ధరను ఊగిసలాడిస్తారు.

కాగితం విలువ

ఒకే జాతి, ఒకే రంగు, ఒకే వయసు గల రెండు పిల్లలకు రెండు ధరలు ఉండడానికి కారణం కాగితం. చెన్నై కేంద్రంగా గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జాతి కుక్కలను నమోదు చేసి, తల్లిదండ్రులు, పూర్వీకుల పేర్లతో ధ్రువపత్రం ఇస్తుంది. కుక్క మెడ దగ్గర చర్మం కింద బియ్యపు గింజంత చిప్ ఉంచుతారు. అందులోని 15 అంకెల సంఖ్య కాగితం మీది సంఖ్యతో సరిపోవాలి. పత్తికి గ్రేడు వంటిది, బంగారానికి హాల్‌మార్కు వంటిది ఈ నమోదు. కాగితం ఉన్న కుక్క పిల్లలకు కూడా కాగితం వస్తుంది కనుక ఆ విలువ తరతరాలకూ సాగుతుంది.

దొంగకు చిక్కేది ప్రాణి మాత్రమే. కాగితం యజమాని బీరువాలోనే ఉండిపోతుంది. అందుచేత దొంగసరకు కాగితం ఉన్న ధరకు ఎన్నడూ అమ్ముడుపోదు. కాగితం అడగని బజారులోనే దానికి చోటు. ఆ బజారులో నిజాయితీగా పెంచి, నమోదు ఖర్చు పెట్టుకోలేక అమ్మేవారూ చాలామంది ఉన్నారు. దొంగ దాగేది వారి మధ్యనే. వారి సరకుకు కూడా అనుమానపు ధర కట్టించేది అతడే. కాగితం అడగనివారు ఎంతమంది ఉంటే దొంగకు అంత గిరాకీ. దొంగతనాన్ని పోషించేది జాతి కుక్కకు ఉన్న హెచ్చు ధర కంటే కాగితం లేని కుక్కకు సులువుగా దొరికే కొనుగోలుదారే.

ఏది ఎత్తుకుపోతారన్నదీ ఇందులోనే తేలుతుంది. చిప్ వేయని చిన్న పిల్లను మార్చడం తేలిక. ఎదిగిన ఆడకుక్క అయితే సరకే కాదు, యంత్రం కూడా. ఈత ఈతకూ పిల్లలు వస్తాయి. ఈతకు పనికిరాకుండా శస్త్రచికిత్స చేయించిన కుక్క యజమానికి ఎంత ముద్దయినా దొంగకు లాభసాటి కాదు.

చౌక బేరం లెక్క

లెక్క కోసం మాత్రమే ఒక ఉదాహరణ. కాగితం ఉన్న పిల్ల ధర 100 అనుకుందాం. అదే రకం, కాగితం లేనిది 50. దొంగసరకు 30కి వస్తున్నది. కొన్నవారు 20 మిగిలిందని సంతోషిస్తారు. ఆరు నెలల్లో తిండికి, టీకాలకు, వైద్యానికి మరో 40 పెడతారు. ఇప్పుడు వారి చేతిలో ఉన్నది 70 విలువగల పెట్టుబడి. అసలు యజమాని వచ్చి తీసుకుపోయే అవకాశం మూడింట ఒక వంతే అనుకున్నా, నష్టభయం 23 పైచిలుకు. మిగిలిందనుకున్న 20 కంటే అది ఎక్కువ. పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగే ఖర్చు ఇందులో కలపలేదు.

యజమాని తీసుకుపోగలడా అన్న సందేహానికి 1930 నాటి సరకుల విక్రయ చట్టం జవాబు చెబుతున్నది. తనకు లేని హక్కును అమ్మకందారు కొనుగోలుదారుకు ఇవ్వలేడని 27వ సెక్షన్ సూత్రం. కొద్ది మినహాయింపులు ఉన్నా, దొంగసొత్తుకు అవి సాధారణంగా ఆదుకోవు. తెలియక కొన్నా, పూర్తి సొమ్ము చెల్లించినా సరకు అసలు యజమానిదే. అమ్మకందారుకు హక్కు ఉండాలన్నది ప్రతి అమ్మకంలోనూ అంతర్గతంగా ఉన్న షరతని 14వ సెక్షన్ చెబుతుంది కనుక సొమ్ము తిరిగి అడగవచ్చు. కాని చీటీ లేకుండా, పేరు తెలియని మనిషికి రొక్కం ఇచ్చినవారు ఎవరిని అడగగలరు?

నేరచట్టంలో కుక్కకు ప్రత్యేకమైన చోటే ఉన్నది. 1860 నాటి శిక్షాస్మృతి దొంగతనాన్ని నిర్వచిస్తూ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి కుక్కదే. దురుద్దేశంతో జేబులో తాయిలం పెట్టుకుని మరొకరి కుక్కను తన వెంట రప్పించుకుంటే, ఆ కుక్క అతని వెంట నడవడం మొదలైన క్షణమే దొంగతనం పూర్తయినట్లు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ ఆ ఉదాహరణను ఉంచారు. ఇంట్లోంచి ఎత్తుకుపోతే 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. దొంగసొత్తని తెలిసి గాని, అలా నమ్మడానికి కారణం ఉండి గాని దురుద్దేశంతో తీసుకున్నవారికి 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. సగం ధర, కాగితం లేకపోవడం, రాత్రివేళ బేరం ఇవన్నీ అటువంటి కారణం కిందకే రావచ్చునని వర్తకులు గుర్తుంచుకోవాలి.

రక్తం చెప్పిన సాక్ష్యం

కాగితం లేకపోతే యజమాని రుజువు చేసుకోలేడని అనుకోవడం కూడా పొరపాటు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో, నేటి నర్మదాపురంలో, 2020 నవంబరులో ఒకే లాబ్రడార్‌ను ఇద్దరు తమదని వాదించారు. పోలీసులు రక్తం తీయించి డీఎన్ఏ పరీక్షకు హైదరాబాద్‌కు పంపారు. పచ్‌మఢీలోని తండ్రి కుక్కతో పోలిక కుదిరిందని 2021లో నివేదిక రావడంతో కుక్కను మొదట ఫిర్యాదు చేసిన యజమానికి అప్పగించారు. తల్లిదండ్రులు ఎవరో తెలిసిన కుక్కకు ఇటువంటి సాక్ష్యం సాధ్యమే. కాని ఆ తీర్పుకు నెలలు పట్టింది. చిప్ ఉన్న కుక్కకు ఒక నిమిషం చాలు.

బహుమానం అనే కనీస ధర

కుక్క పోయినవారు ఆదుర్దాలో పెద్ద బహుమానం ప్రకటిస్తారు. బజారు దృష్టితో చూస్తే ఆ ప్రకటన దొంగసరకుకు కనీస ధర కట్టినట్లే. లండన్‌లో 1840 దశకంలో దొంగల ముఠాలు దీనినే వ్యాపారంగా నడిపాయి. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ పెంచుకున్న ఫ్లష్ అనే కుక్కను మూడుసార్లు ఎత్తుకుపోయి, మూడుసార్లూ సొమ్ము గుంజారు. ఒకసారి చెల్లించిన ఇల్లు మళ్లీ చెల్లిస్తుందన్నది వారి లెక్క. మన చట్టం దొంగను పట్టించేందుకు శక్తి మేరకు ప్రయత్నించకుండా, సొత్తు తిరిగి ఇప్పిస్తానని సొమ్ము తీసుకునే మధ్యవర్తిని న్యాయ సంహిత 252వ సెక్షన్ కింద నేరస్థుడిగా చూస్తున్నది. ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు వర్తించేలా బ్రిటన్ 2024లో పెంపుడు జంతువుల అపహరణను ప్రత్యేక నేరం చేసి ఐదేళ్ల వరకు శిక్ష విధించింది. కరోనా కాలంలో ఇళ్లకే పరిమితమైన జనం కుక్కల కోసం ఎగబడి ధరలు పెంచగా, వెంటనే దొంగతనాలపై ఆందోళన పెరగడం ఆ చట్టానికి నేపథ్యం.

బేరం కుదుర్చుకునే ముందు

కొనేవారు పిల్లను తల్లి దగ్గరే చూడాలి. తల్లిని చూపించని చోట బయానా ఇవ్వరాదు. చిప్ సంఖ్యను పశువైద్యుని వద్ద యంత్రంతో చదివించి, ధ్రువపత్రం మీది సంఖ్యతో పోల్చాలి. కాగితం ఒక కుక్కది, ప్రాణి ఇంకొకటి కావడం జరగరానిదేమీ కాదు. నమోదు లేని పిల్ల అయితే అమ్మకందారు పేరు, చిరునామా, పెంపకందారుగా రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు వివరం, టీకాల పుస్తకం, సంతకంతో కూడిన చీటీ తీసుకోవాలి. సొమ్ము బ్యాంకు ద్వారా చెల్లిస్తే దారి మిగులుతుంది.

పెంచేవారు చిప్ వేయించి, ఆ చిప్ సంఖ్యకు నమోదు చేయించిన ఫోన్ నంబరు మారినప్పుడల్లా సరిచేయించాలి. ఒంటి మచ్చలు కనిపించే ఫొటోలు, చెల్లింపు చీటీలు భద్రపరచాలి. ఈతకు ఉద్దేశించని కుక్కకు శస్త్రచికిత్స చేయించడం ఆరోగ్యానికే గాక భద్రతకూ మేలు. పోయినప్పుడు ముందు పోలీసు ఫిర్యాదు, ఆ తరువాతనే ప్రకటన. బహుమానం మొత్తం ప్రకటనలో వేయకపోవడం మంచిది.

మధ్యవర్తులకు ఒక్కటే మాట. బిల్లు లేని బస్తాను గోడౌన్‌లోకి దింపుకోని వర్తకుడు కాగితం లేని కుక్కకు దలాలీ తీసుకోవలసిన అగత్యం లేదు. బజారులో నలుగురు కాగితం అడిగితే దొంగసరకు ధర పడిపోతుంది. ధర పడిపోయిన సరకు కోసం రాత్రివేళ గోడ దూకేవారు ఉండరు.