ఆటోమేటిక్ కారుకు గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్: ఎంపిక, అమరిక

మన హాస్టల్లో చదివి, ఐటీఐ, పాలిటెక్నిక్ పూర్తి చేసిన అన్నలు కొందరు మాదాపూర్, కొండాపూర్ కార్ల షెడ్లలో పని చేస్తున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఆటోమేటిక్ కారు అరుదు. నేడు ఆ రోడ్ల మీద అవి మామూలే. ఎక్కువ శక్తి గల కార్లు కొన్నవారిలో కొందరు “ట్రాన్స్‌మిషన్ కూలర్ బిగించండి” అని అడుగుతున్నారు. పని చిన్నదే, కానీ తేడా వస్తే గేర్‌బాక్స్ ఖర్చు లక్షల్లోకి పోతుంది, మాట మాత్రం చివర స్పానర్ పట్టిన కుర్రాడి మీద పడుతుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినది నేనే మొదట. ఎం.టెక్.లో థర్మల్ ఇంజనీరింగ్ చదువుతూ తెలుసుకున్నదీ, షెడ్డులో పని చేసే మా బావ చెప్పినదీ కలిపి ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ముందుగా వేడి ఎక్కడ పుడుతుందో చూద్దాం. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒక్కదానికే కరెంటు ఇస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. టార్క్ కన్వర్టర్ ఇలాంటిదే, గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. రెండు ఫ్యాన్ల వేగంలో ఎంత తేడా ఉంటే ఆయిల్ అంత చిలకబడి వేడెక్కుతుంది. గేరు వేసి బ్రేకు తొక్కి నిలబెడితే రెండో ఫ్యాన్ ఆగే ఉంటుంది, కన్వర్టర్‌లోకి వచ్చిన శక్తి అంతా వేడిగానే మారుతుంది. వేగం అందుకున్నాక లోపలి లాకప్ క్లచ్ రెండింటినీ కలిపేస్తుంది, వేడి బాగా తగ్గుతుంది.

అందుకే చాలామంది అనుకునేదానికి ఇక్కడ విషయం తిరగబడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోయే కారుకు గాలి పుష్కలం, లాకప్ కూడా పడి ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు రాయదుర్గం నుండి బయోడైవర్సిటీ కూడలి వైపు అడుగడుగునా ఆగుతూ కదిలే కారుకు లాకప్ లేదు, గాలీ లేదు. మే నెలలో బయట ఉష్ణోగ్రతే 40 దాటుతుంది. కాబట్టి కూలర్ ఎంచుకునేటప్పుడు అది ఎంత పెద్దది అని కాదు, కారు ఆగి ఉన్నప్పుడు దానికి గాలి ఎక్కడి నుండి వస్తుంది అని అడగాలి.

ఒక చిన్న లెక్క చేద్దాం. కారును గట్టిగా తొక్కుతున్నప్పుడు గేర్‌బాక్సుకు 60 కిలోవాట్లు అందుతున్నాయనీ, అందులో పదో వంతు వేడిగా పోతున్నదనీ అనుకుందాం. అంటే 6 కిలోవాట్లు, 2 కిలోవాట్ల గీజర్లు మూడు ఒకేసారి వేసినట్టు. నిమిషానికి 8 లీటర్ల ఆయిల్, అంటే సెకనుకు సుమారు 0.11 కిలోలు కూలర్ గుండా పోతుందనుకోండి. ఆయిల్ విశిష్టోష్ణం సుమారు 2 కిలోజౌళ్లు. ఆ వేడినంతా తీసేయాలంటే ఆయిల్ కూలర్ దాటే ప్రతిసారీ 26, 27 డిగ్రీలు తగ్గాలి. ఆ సూత్రం మనం ఇంటర్‌లో చదివినదే.

చాలా ఆటోమేటిక్ కార్లలో కంపెనీ ఇచ్చిన కూలర్ రేడియేటర్ నీటితోనే ఆయిల్‌ను చల్లబరుస్తుంది. ఆ నీరే 90 డిగ్రీల దగ్గర ఉంటే ఆయిల్ అంతకంటే దిగదు. ఆయిల్ 80 నుండి 95 డిగ్రీల మధ్య ఉంటే క్షేమం. 120 దాటి ఎక్కువసేపు ఉంటే నల్లబడి జిగట పడుతుంది. పైన ప్రతి 10, 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల లెక్క. కచ్చితమైన సూత్రం కాకపోయినా దారి చూపుతుంది.

బేరం ఆడే ముందు గేర్‌బాక్స్ ఏ రకమో తెలుసుకోవాలి. 2022లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌నే తీసుకోండి. 1.0 లీటర్ ఇంజన్‌కు టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్, 1.5 లీటర్‌కు పొడి క్లచ్‌ల డీఎస్‌జీ. పొడి క్లచ్ ఆయిల్‌లో మునగదు, కాబట్టి కూలర్ ఎంత మంచిదైనా ఆ క్లచ్ వేడిని తీయలేదు. 2014లో సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీ సంగతీ అంతే. ఆ కార్లకు కూలర్ అమ్మడం యజమాని డబ్బు వృథా చేయించడమే. తడి క్లచ్‌ల డీఎస్‌జీకైతే ఉపయోగం ఉంటుంది.

కూలర్లలో గొట్టానికి రేకులు తొడిగినవి చవక. పలకలు పేర్చినవి అదే కొలతలో ఎక్కువ వేడి తీస్తాయి, ధరా ఎక్కువే. మన రోడ్లకు నా ఎంపిక మధ్యరకం పలకల కూలర్, దానికి సొంత ఎలక్ట్రిక్ ఫ్యాన్, వేడి చూసి ఫ్యాన్‌ను నడిపే థర్మల్ స్విచ్. ఏసీ కండెన్సర్ ముందు పెట్టడం తేలికే గానీ కూలర్ వేడిగాలి కండెన్సర్‌కు తగులుతుంది. ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఏసీ నీరసపడితే యజమాని మళ్లీ మన దగ్గరికే వస్తాడు. బంపర్ లోపల ఒక పక్కన, గాలి వచ్చి పోయే దారి ఉన్నచోట పెడితే మేలు. తెల్లవారుజామున ఆయిల్ మరీ చల్లగా, చిక్కగా ఉండకుండా థర్మోస్టాట్ బైపాస్ కూడా వేయాలి.

బిగించేటప్పుడు కారును జాకీ మీద వదిలి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. గేర్‌బాక్స్ నుండి వచ్చే పైపు ఏదో, తిరిగి వెళ్లేది ఏదో మాన్యువల్‌లో చూడాలి. ఇంజన్ వేడెక్కేటప్పుడు ఏది ముందు వెచ్చబడుతుందో చూసినా తెలుస్తుంది. ఆయిల్ ముందు రేడియేటర్ కూలర్‌లోకి, తర్వాత కొత్త కూలర్‌లోకి, అక్కడి నుండి గేర్‌బాక్స్‌లోకి వెళ్లాలి. కూలర్‌ను రేకుల గుండా ప్లాస్టిక్ పట్టీలు దూర్చి కట్టేవారున్నారు. అదురుకు అవి రాసుకొని కూలర్ కారుతుంది. రబ్బరు వాషర్లు వేసి బ్రాకెట్లతోనే బిగించాలి. ఫ్యాన్‌కు రిలే, ఫ్యూజు తప్పనిసరి.

హోస్ విషయంలో మాత్రం బేరం వద్దు. వేడి ఆయిల్‌ను తట్టుకునే ఆయిల్ కూలర్ హోసే వాడాలి. నాకు తెలిసిన ఒక షెడ్డులో రేడియేటర్ నీటి హోస్ వేసి పంపారు. వారం తిరగకముందే అది ఉబ్బి ఊడింది, ఆయిల్ అంతా రోడ్డు పాలై గేర్‌బాక్స్ కాలిపోయింది. హోస్ తెచ్చింది యజమాని, రెండు నెలల జీతం కోత పడింది హెల్పర్ కుర్రాడికి. ఏ హోస్ వేశామో బిల్లు మీద రాయించుకోవడం అందుకే అవసరం. వారంటీలో ఉన్న కారైతే, మార్పు తన ఇష్టంతోనే చేయించుకుంటున్నానని యజమాని చేత ముందే రాయించుకోండి.

పాత ఆయిల్ తీసినప్పుడు దాని రంగు చూడండి. రోజ్ మిల్క్ లాగా ఉంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలి నీళ్లు కలిసినట్టు. అప్పుడు కొత్త కూలర్ బిగించి ఊరుకుంటే లాభం లేదు, ముందు రేడియేటర్ సంగతి చూడాలి. గేర్‌బాక్స్ ఒకసారి పాడై బాగుచేసిన కారైతే పాత కూలర్‌లో ఇనుప రజను దాక్కొని ఉంటుంది. కడిగితే పూర్తిగా పోదు, మార్చడమే నయం.

చివరగా ఆయిల్ మట్టం. కూలర్, హోసులు నిండడానికి అదనపు ఆయిల్ పడుతుంది, అది కంపెనీ చెప్పిన రకమే కావాలి. ఇప్పటి గేర్‌బాక్సులు చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, ఇంజన్ నడుస్తుండగా, కారును సమంగా ఉంచి లెవెల్ ప్లగ్ తీసి చూడాలి. ఆ తర్వాత కారును ఖాళీ రోడ్డు మీద కాదు, సాయంత్రం ఐకియా సిగ్నల్ వైపు ఒక గంట తిప్పి, ఫ్యాన్ తనంతట తాను ఆన్ అవుతోందో లేదో, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత ఎక్కడ నిలుస్తోందో చూసి, షెడ్డుకు తెచ్చి చల్లారాక క్లాంపులు మరోసారి బిగించి అప్పుడు తాళం ఇవ్వండి.